బుడ్డోడి జాడ

2010 చివర్లో, ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా కాకముందే, నేను స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒక ప్రశ్నకి జవాబు రాశాను. ప్రోగ్రామర్లు ఒకరి సందేహాలు ఒకరు తీర్చుకునే సైటు అది. ఎవరో జావాలో తేదీల లెక్క కుదరట్లేదని అడిగారు. సరిగ్గా అదే లెక్కతో నేను మాదాపూర్ ఆఫీసులో రెండు రోజులు కుస్తీ పట్టి ఉన్నాను. పన్నెండు లైన్ల కోడ్ అతికించాను. అందులో ఒక వేరియబుల్ పేరు, ఇంగ్లీషు అక్షరాల్లోనే అనుకోండి, 'బుడ్డోడు'. లూపులో అటూ ఇటూ పరిగెత్తే చిన్న వస్తువుకి మా టీములో పెట్టుకున్న ముద్దుపేరు. పోస్ట్ చేసేముందు మార్చాలన్న ధ్యాస లేకపోయింది. నాలుగు వోట్లు వచ్చాయి. ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు.

రెండు నెలల తరవాత అదే సమస్య మళ్ళీ తగిలింది. నా జవాబు నాకే గుర్తులేక గూగుల్లో వెతికాను. మొదటి ఫలితం ఎప్పుడూ పేరు వినని ఒక సైటు. చుట్టూ ప్రకటనలు, మధ్యలో నా పన్నెండు లైన్లు, అందులో బుడ్డోడు. రెండో ఫలితం ఇంకో సైటు, అక్కడా బుడ్డోడే. నా పేరు ఎక్కడా లేదు. అసలు పేజీ ఎక్కడో కింద ఉంది. కడుపు మండిందని ఒప్పుకోడానికి సిగ్గేమీ లేదు. నాలుగు వోట్ల జవాబుకి అంత మంటేమిటని పక్క సీటు మిత్రుడు నవ్వాడు కూడా.

ఆ మంట నాకొక్కడికే కాదు. 2011 జనవరిలో ఆ సైటు పెట్టినవాళ్ళలో ఒకడైన జెఫ్ ఆట్‌వుడ్ తన బ్లాగులో ఇదే గోడు వెళ్ళబోసుకున్నాడు: మా దగ్గర కాపీ కొట్టినవాళ్ళు గూగుల్లో మాకంటే పైన కనబడుతున్నారు, ఏమిటిది అని. ఆ ఫిబ్రవరిలో గూగుల్ తన వెతుకులాట లెక్కని మార్చింది. తరవాత దానికి పాండా అన్న పేరు స్థిరపడింది. అమెరికాలో వంద వెతుకులాటల్లో దాదాపు పన్నెండింటి ఫలితాలు దానితో మారాయి. కాపీ సైట్లు మెల్లగా అడుక్కి దిగిపోయాయి. కథ సుఖాంతమే అనుకున్నాను.

ఆట్‌వుడ్ కాపీ కొట్టడం తప్పని అనలేదు, గమనించండి. అనలేడు. 2008లో సైటు మొదలైన రోజునించీ అక్కడి రాతలన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. ఎవరైనా తీసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, డబ్బు కూడా చేసుకోవచ్చు. రాసినవాడి పేరు చెప్పాలి, అసలు పేజీకి లంకె ఇవ్వాలి, తమ ప్రతిని కూడా అదే లైసెన్సు కింద వదలాలి. అంతే. 2009నించి మొత్తం సరుకుని ఒక పెద్ద మూటగా కట్టి తామే బయట పెట్టేవారు, దింపుకోవాలనుకున్నవాళ్ళు దింపుకోండని. నా బుడ్డోణ్ణి ఎత్తుకెళ్ళినవాళ్ళు తాళం పగలగొట్టి రాలేదన్న మాట. తెరిచి ఉన్న తలుపులోంచే వచ్చారు. పోతూ పోతూ పేరు చెరిపేశారు.

మరి తలుపు ఎందుకు తెరిచి ఉంచారు? ఆ తిక్క పని వెనక పాత దెబ్బలున్నాయి. అన్నిట్లోకీ నేర్చుకోదగ్గది పాటల సీడీలది.

మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన కొత్తలో, అమెరికా నించి వచ్చిన బాబాయి ఘంటసాల పాటల సీడీ ఒకటి తెచ్చాడు. అన్నయ్య దాన్ని లోపల పెట్టి, విజయవాడ డయలప్ గీపెట్టి కలిసేదాకా ఆగి వినాంప్ తెరిచాడు. 'ట్రాక్ 1, ట్రాక్ 2' అని ఉన్నచోట పాటల పేర్లు టపటపా వచ్చేశాయి. ఆ పేర్లు సీడీలోనే ఉన్నాయని చాలా ఏళ్ళు నమ్మాను. ఉండవు. మామూలు ఆడియో సీడీ మొదట్లో ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే విషయసూచిక మాత్రం ఉంటుంది. పేర్లకి చోటు ఇవ్వాలని ఆ ప్రమాణం రాసినవాళ్ళకి అప్పట్లో తోచలేదు.

1993లో టి కాన్ అనే ప్రోగ్రామర్ యూనిక్స్ కంప్యూటర్ల మీద సీడీలు వినడానికి ఎక్స్‌ఎంసీడీ అనే ప్రోగ్రాం రాశాడు. ఆ విషయసూచికలోని అంకెలనించి ఒక గుర్తింపు సంఖ్య లెక్కగట్టి, దాని పక్కన పాటల పేర్లు దాచుకునే ఏర్పాటు అందులో ఉంది. మీ దగ్గరున్న సీడీ పేర్లు మీరు టైపు చేసి ఆయనకి ఈమెయిల్ చేస్తే, తరవాతి విడుదలలో అవి అందరికీ అందుతాయి. జనం పంపడం మొదలుపెట్టారు. వందలు వేలయ్యాయి. స్టీవ్ షెర్ఫ్ అనే ఇంకో ప్రోగ్రామర్ చేరి దాన్ని ఇంటర్నెట్ మీద సర్వర్‌గా మార్చాడు. దాని పేరే సీడీడీబీ. జాజ్ వినేవాడు జాజ్ సీడీలు, ఒపేరా వినేవాడు ఒపేరా సీడీలు, మన ఘంటసాల సీడీని ఏ న్యూజెర్సీలోనో ఒక తెలుగాయన. ఆయన ఘంటసాల పేరులో ఒక అక్షరం మింగేశాడు, ఇంటి పేరు ముందు పెట్టాడో వెనక పెట్టాడో తేల్చుకోలేక రెండు చోట్లా పెట్టాడు. ఆయనకి ఎవరూ పైసా ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు.

1998లో సీడీడీబీని ఎషెంట్ అనే కంపెనీకి అమ్మేశారు. 2000లో దాని పేరు గ్రేస్‌నోట్ అయింది. కొత్త లైసెన్సు నిబంధనలు చూస్తే ఇప్పటికీ నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. సీడీడీబీ వాడే ప్రోగ్రాం వెతికేటప్పుడు మా ముద్ర చూపించాలి. అలాంటి ఇంకో జాబితాని వాడకూడదు. 2001 మార్చిలో లైసెన్సు తీసుకోని ప్రోగ్రాములకి తలుపులు మూసేశారు. అంటే, తన సీడీ పేర్లు తనే టైపు చేసి పంపిన మనిషి, తనకి నచ్చిన ఉచిత ప్రోగ్రాంలోంచి ఆ పేర్లనే వెనక్కి చదువుకోలేడు. 2008లో సోనీ ఆ కంపెనీని 26 కోట్ల డాలర్లకి కొంది. తరవాత రెండు చేతులు మారింది. సర్వర్లు నడపడానికి డబ్బు కావాలి, తప్పుల తడకని శుభ్రం చెయ్యడానికి మనుషులు కావాలి అన్న వాళ్ళ వాదనలో నిజం లేకపోలేదు. ఘంటసాల స్పెల్లింగు చూసినవాడిగా నేను కాదనను.

కానీ ఇక్కడే అసలు మలుపు. ఎక్స్‌ఎంసీడీ, దానితోపాటు పంచిన పాత జాబితా, జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద ఉండేవి. కంపెనీ ఇకముందు వచ్చే సరుకుకి తాళం వెయ్యగలదు కానీ, అప్పటికే బయటికి వెళ్ళిన ప్రతిని వెనక్కి పిలవలేదు. కొందరు ఆ పాత ప్రతిని తీసుకుని ఫ్రీడీబీ అని ఇంకో సర్వర్ మొదలుపెట్టారు. జనం మళ్ళీ టైపు చేశారు. సీడీలు రాసే సాఫ్ట్‌వేర్ అమ్మే రాక్సియో కంపెనీ గ్రేస్‌నోట్‌ని వదిలి ఫ్రీడీబీ వైపు మళ్ళితే, గ్రేస్‌నోట్ దాన్ని కోర్టుకి లాగింది. పేటెంటు, ట్రేడ్‌మార్కు అంటూ నడిచిన ఆ దావా చివరికి రాజీలో ముగిసింది. ఫ్రీడీబీ 2020 దాకా బతికింది. ఈ గొడవల్లోంచే రాబర్ట్ కే మ్యూజిక్‌బ్రెయిన్జ్ పెట్టాడు. అది ఇంకా ఉంది, దాని మూల సమాచారం మీద ఎవరికీ హక్కు లేదని ముందే రాసి పెట్టారు.

నేను ఇరవై రెండేళ్ళ వయసులో తిట్టుకున్న పని, అంటే మొత్తం సరుకుని ఎత్తుకెళ్ళి ఇంకోచోట పెట్టడం, ఇక్కడ ఆ జనాన్ని కాపాడింది. బయటివాడు కాపీ కొడితే కళ్ళకి కనబడుతుంది, ఊరంతా తిడతారు. ఇంటాయనే ఇల్లు అమ్మేస్తే లోపల కాపురం ఉన్నవాళ్ళకి తెలిసేసరికి తాళం మారిపోయి ఉంటుంది. ఆ రెండో దానికి నాకు కనబడ్డ ఒకే ఒక్క విరుగుడు, ముందుగా తీసి పెట్టుకున్న కాపీ.

చట్టం ఏమంటుంది అని అడుగుతారేమో. చట్టం ఈ టైపు చేసినవాళ్ళ వైపు చూడనే చూడదు. దీనికి మూలం 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఫైస్ట్ తీర్పు. కాన్సస్ రాష్ట్రంలో రూరల్ అనే చిన్న టెలిఫోన్ కంపెనీ తన డైరెక్టరీ వాడుకోడానికి ఒప్పుకోలేదు. ఫైస్ట్ అనే ప్రచురణ సంస్థ ఎలాగూ కాపీ కొట్టింది. కాపీ కొడతారని అనుమానంతో రూరల్ తన డైరెక్టరీలో ముందే కొన్ని లేని మనుషుల పేర్లు నాటింది. అందులో నాలుగు ఫైస్ట్ పుస్తకంలో మొలిచాయి. దొంగ దొరికాడు! కానీ కోర్టు, దొరికితే దొరికాడు, ఇది దొంగతనమే కాదు పొమ్మంది. ఊరు, పేరు, నంబరు అనేవి వాస్తవాలు, వాస్తవాలకి యజమాని ఉండడు. ఎంత చెమటోడ్చి పోగుచేసినా సరే, చెమటకి కాపీరైటు లేదు. సీడీలో మూడో పాట పేరు ఫలానా అన్నదీ అలాంటి వాస్తవమే.

ఆ నాలుగు దొంగ పేర్ల కథ ఇరవై ఎనిమిదేళ్ళ తరవాత ఇంకా వింతగా తిరిగొచ్చింది. జీనియస్ అనే సైటు ఉంది. 2009లో ర్యాప్ పాటల అర్థాలు చెప్పుకోడానికి మొదలైంది. అభిమానులు పాట విని, మాట మాట పట్టుకుని సాహిత్యం రాస్తారు, తప్పులు దిద్దుకుంటారు. డిజైనర్ అనే ర్యాపర్ పాడిన 'పాండా' అనే పాటలో (గూగుల్ పాండాకి దీనికీ చుట్టరికం లేదు) మాటలు ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. జీనియస్ వాళ్ళు ఆ ర్యాపర్‌నే అడిగి సరైన పాఠం తెచ్చుకున్నారు. అదే పాఠం గూగుల్ ఫలితాల్లో పైన పెట్టెలో కనబడింది. అనుమానం వచ్చి ఉచ్చు పన్నారు. ఇంగ్లీషులో అపాస్ట్రఫీ రెండు రకాలుగా టైపు చెయ్యొచ్చు, నిలువుగా ఒకటి, వంపుగా ఒకటి. చదివేవాడికి తేడా తెలీదు. కొన్ని పాటల్లో ఈ రెండిటినీ ఒక వరసలో పేర్చారు. ఒకదాన్ని చుక్క, ఇంకోదాన్ని గీత అనుకుని మోర్స్ కోడ్‌లో చదివితే 'రెడ్ హ్యాండెడ్' అని వస్తుంది! 2019లో ఆ వరస గూగుల్ పెట్టెలో వందకి పైగా పాటల్లో ఉన్నట్టుగానే బయటపడింది.

ఇంజినీరుగా నాకు ఇంతకంటే ముచ్చటైన ఉచ్చు తెలీదు. గూగుల్ మాత్రం, మేము ఎవరి సైటునించీ తీసుకోవట్లేదు, మాకు సాహిత్యం ఇచ్చేది లైసెన్సులున్న సంస్థలు, అంది. లిరిక్‌ఫైండ్ అనే సంస్థ పేరు బయటికొచ్చింది. జీనియస్ ఆ ఇద్దరి మీదా కనీసం 5 కోట్ల డాలర్లకి దావా వేసింది, మా సైటు నిబంధనల్లో కాపీ కొట్టకూడదని రాశాం కదా అని. 2020లో కింది కోర్టు కొట్టేసింది. 2022లో అప్పీలు కోర్టు అదే మాట అంది. 2023లో సుప్రీంకోర్టు విననే లేదు. కారణం క్లుప్తంగా ఇదీ: పాటల మీద హక్కు పాట రాసినవాళ్ళది, వాళ్ళ ప్రచురణకర్తలది. విని రాసినవాడిది కాదు. వాడి తరఫున నిబంధనలు రాసుకున్న సైటుదీ కాదు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. అదే జీనియస్‌కి 2013లో సంగీత ప్రచురణకర్తల సంఘం నోటీసు పంపింది, అనుమతి లేకుండా పాటలు పెట్టుకున్న 50 సైట్ల జాబితాలో మొదటి పేరుగా. ఆ తరవాతే వాళ్ళు లైసెన్సులు తీసుకున్నారు. వాళ్ళ ఉచ్చుని మెచ్చుకుంటూనే, మా ఇంట్లో దొంగలు పడ్డారని వాళ్ళు వేసిన కేక విన్నప్పుడు నాకు ఇది గుర్తొస్తుంది. అయినా నా సానుభూతి కంపెనీల మీద కాదు. చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒకే చరణం పదిసార్లు వెనక్కి తిప్పి విని, ఆ మాట అదే అని తేల్చుకున్న కుర్రాడి మీద. రెండు కోర్టుల తీర్పుల్లోనూ అతనికి చోటు లేదు.

మన తెలుగువాళ్ళకి ఈ చరిత్రలో ఒక సొంత వాటా ఉంది. 1990లలో, తెలుగు అక్షరం తెర మీద కనబడడమే కష్టమైన రోజుల్లో, అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగువాళ్ళు యూజ్‌నెట్‌లో కలుసుకునేవారు. వాళ్ళ గుంపు పేరు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు. పొట్టిగా స్కిట్ అనేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవారు. ట, డ, ణలకి పెద్దక్షరాలు వాడే పద్ధతి ఒకటి హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద అక్కడ స్థిరపడింది. సినిమా గొడవలూ, భాష గురించిన వాదాలూ, ఇంటి బెంగా. నేను అప్పుడు బళ్ళో అసలు అక్షరాలే దిద్దుకుంటున్నాను.

యూజ్‌నెట్ అంటేనే కాపీ. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఊహించిన ఆ ఏర్పాటులో కేంద్రం లేదు. ఒక కంప్యూటర్ తన దగ్గరున్న సందేశాల్ని పక్కదానికి పంపుతుంది, అది దాని పక్కదానికి. కానీ డిస్కులు చిన్నవి, కొన్ని రోజులకో వారాలకో పాతవి చెరిగిపోయేవి. రాసేవాళ్ళు ఆ నమ్మకంతోనే రాసేవారు. అరుగు మీద మాట అరుగు మీదే పోతుందన్నట్టు. 1995లో డెజా న్యూస్ అనే కంపెనీ వచ్చి, ఏదీ చెరపకుండా దాచి, ఎవరైనా వెతుక్కునేలా పెట్టింది. ఎవర్నీ అడగలేదు. ఒప్పుకోనివాళ్ళు తమ సందేశం తలకట్టులో 'దాచొద్దు' అని ఒక లైను చేర్చుకోవచ్చంది. ఆ సంగతి తెలిసి చేర్చుకున్నవాళ్ళు ఎందరుంటారు? 2001 ఫిబ్రవరిలో గూగుల్ డెజాని కొంది, 50 కోట్లకి పైగా సందేశాలతో సహా. ఆ ఏడాది చివరికి 1981 దాకా వెనక్కి వెళ్ళగలిగింది. టొరంటో విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో కంప్యూటర్లు చూసుకున్న హెన్రీ స్పెన్సర్ 141 అయస్కాంత టేపుల్లో పాత సందేశాల్ని దాచి ఉంచడం దానికి పెద్ద సాయమైంది. ఆయనా ఎవర్నీ అడగలేదు.

ఇవాళ అమెరికా తెలుగువాళ్ళ తొలి ఇంటర్నెట్ రాతల గురించి ఎవరైనా రాయాలంటే ఆధారం ఆ అడగని కాపీలే. పక్కనే యాహూ గుంపుల సంగతి చూడండి. తెలుగు సాహిత్యం మీద ఏళ్ళ తరబడి నడిచిన చర్చలు అందులో ఉండేవి. 2019 డిసెంబరులో కంపెనీ పాత సందేశాలన్నీ తీసేసింది. ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం గడువులోగా ఎత్తిపెట్టాలని చూస్తే వాళ్ళ ఖాతాలు కూడా ఆపేశారు. అక్కడ కాపీ కొట్టొద్దన్న నియమం గెలిచింది. చర్చలు పోయాయి.

అలాగని డెజా చేసింది మంచి పనే అని నేను తేల్చి చెప్పలేను. స్కిట్ పాత సందేశాలు చదువుతుంటే, ఎవరో ఇరవై రెండేళ్ళ మనిషి ఒంటరిగా ఉన్న రాత్రి ఎవరిమీదో విసిరిన మాట, పూర్తి పేరుతో, విశ్వవిద్యాలయం పేరుతో కనబడుతుంది. ఇప్పుడు అతనికి యాభై దాటి ఉంటాయి. నాకు పనికొచ్చే చరిత్ర అతనికి నిద్ర పట్టనివ్వని సంగతి కావచ్చు. అలాంటి పేర్లు కనబడిన ప్రతిసారీ పేజీ మూసేశాను. తరవాత మళ్ళీ తెరిచాను, అబద్ధమెందుకు.

మళ్ళీ నా పన్నెండు లైన్ల దగ్గరికి. స్టాక్ ఓవర్‌ఫ్లోని 2021లో ప్రోసస్ అనే సంస్థ 180 కోట్ల డాలర్లకి కొంది. 2023 జూన్‌లో ఆ పెద్ద మూటని బయట పెట్టడం చెప్పాపెట్టకుండా ఆపారు. జనం గోల చేస్తే మళ్ళీ పెట్టారు. 2024 మేలో, అక్కడి రాతల్ని కృత్రిమ మేధకి అందించే ఒప్పందం ఓపెన్‌ఏఐతో చేసుకున్నట్టు ప్రకటించారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, ఇక్కడ అల్లుడు దానం కూడా చెయ్యలేదు. కొందరు కోపంతో తమ జవాబుల్ని తామే చెరపబోయారు. సైటు వాటిని తిరిగి నిలబెట్టి, చెరిపినవాళ్ళ ఖాతాల్ని కొన్నాళ్ళు ఆపింది. నిబంధనల ప్రకారం సైటుదే ఒప్పు. లైసెన్సు ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేం. గ్రేస్‌నోట్ నించి జనాన్ని కాపాడిన సూత్రమే ఇక్కడ జనాన్ని కట్టేసింది.

నేను నా జవాబు చెరపలేదు. అది ఇంకా అక్కడే ఉంది, పదకొండు వోట్లకి ఎదిగింది. జావాలో తేదీల పద్ధతి ఎప్పుడో మారిపోయింది కాబట్టి దానితో ఇప్పుడు ఎవరికీ పెద్దగా పని ఉండకూడదు. కానీ మా ఆఫీసులో ఇంకా పాత జావాలో నడుస్తున్న ప్రోగ్రాం ఒకటుంది. మొన్న ఏప్రిల్లో అందులో తేదీల తప్పు ఒకటి దొర్లితే, కొత్తగా చేరిన అమ్మాయి కోడ్ రాసిపెట్టే ఏఐ సహాయకుణ్ణి అడిగి పరిష్కారం తెచ్చి నాకు చూపించింది. పన్నెండు లైన్లు. షరతు పెట్టిన చోటు అదే. నెలాఖరు కోసం నేను అప్పట్లో వేసిన, కొంచెం వంకరగా ఉండే ఆ అడ్డదారి కూడా అదే. ఇలాంటి కోడ్ ఇంకెవరైనా రాయొచ్చు, నిజమే. ఇద్దరికి ఒకే వంకర తట్టడం అసాధ్యమేమీ కాదు.

"బావుంది కదండీ?" అంది.

లూపు దగ్గర వేరియబుల్ పేరు చూశాను. 'ఐటెమ్' అని ఉంది.

"బావుంది, పెట్టెయ్యమ్మా," అన్నాను.